మైకేల్ జాక్సన్ సోలో ఆల్బమ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం వినాలి

మీరు రెండు విషయాలు అడిగారు. మైకేల్ జాక్సన్ సోలో ఆల్బమ్‌లు మొదటిసారి వరసగా విందామనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఒకటి. "అతను ముఖ్యంగా డాన్సర్, వీడియోల స్టార్ కదా, బొమ్మ లేకుండా ఉత్త పాటగా వింటే నిలుస్తాడా?" అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను. అది తేలితే మొదటిదానికి దారి దానంతటదే దొరుకుతుంది.

నేను రికార్డింగ్ స్టూడియోల్లో చాలా ఏళ్లుగా సౌండ్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. ఆ చెవితో విన్న మనిషిగా చెప్తున్నాను, అతను అన్నిటికంటే ముందు గాయకుడు. మన దగ్గర అతను చెవికంటే ముందు కంటికి చేరాడు. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి 'గోలీమార్' పాట చూసి ఊగిపోయినవాళ్లలో చాలామంది అప్పటికి 'థ్రిల్లర్' రికార్డు విని ఉండరు. ఆ తర్వాత కూడా స్కూల్ వార్షికోత్సవాల్లో వెనక్కి జారే ఆ నడక, టోపీ, ఒక చేతికి గ్లవ్, ఇవే మనకు మైకేల్ అంటే. అందుకే మీకు ఆ అనుమానం రావడం సహజం. ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ స్క్రీన్ ఆపేసి వినండి. ఆ డాన్స్ అంతా గొంతులోనే ఉందని తెలుస్తుంది.

అతనికి నొటేషన్ రాయడం రాదు. ట్యూన్ నోటితోనే కట్టేవాడు. డ్రమ్స్ ఎలా కొట్టాలో, బేస్ గిటార్ ఏ స్వరాల మీద నడవాలో, తంత్రీ వాద్యాలు ఎక్కడ రావాలో అన్నీ నోటితో పాడి టేపు మీద పెట్టి వాద్యకారులకు ఇచ్చేవాడు. 1994లో అమెరికాలోని డెన్వర్ కోర్టులో ఒక కాపీ కేసులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే, 'డేంజరస్' పాట ఎలా పుట్టిందో జడ్జి ముందు నోటితోనే పాడి చూపించాడు. రికార్డింగ్ రోజున సాహిత్యం కాగితం ముందు పెట్టుకునేవాడు కాదు. రాత్రంతా కూర్చుని బట్టీ పట్టి వచ్చి, స్టూడియోలో లైట్లు ఆర్పించి చీకట్లో పాడేవాడు. పాడుతూ కాళ్లు ఆడించడం, చిటికెలు వెయ్యడం ఆగేది కాదు. మామూలు ఇంజనీర్ అయితే "సార్, కదలకండి, మైకులో శబ్దం వస్తోంది" అంటాడు. అతని ఇంజనీర్ బ్రూస్ స్వెడీన్ అలా అనలేదు. కింద చెక్క పలకల వేదిక వేసి ఆ అడుగుల చప్పుడు కూడా పట్టుకున్నాడు. మైకేల్ పాటల్లో గొంతు వెనక ఆ ఊపిరి, ఆ చిటికెలు, ఆ అడుగు వింటున్నప్పుడు మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు ఉండటానికి కారణం అదే.

కోరస్ సంగతి కూడా చెప్పాలి. చాలా పాటల్లో వెనక వినిపించే గుంపు గొంతులు మైకేల్‌వే. ఒక వరస మైకుకు దగ్గరగా నిలబడి పాడేవాడు. అదే వరస రెండోసారి ఒకడుగు వెనక్కి జరిగి పాడేవాడు, స్వెడీన్ మైకు లెవెల్ ఆ మేరకు పెంచేవాడు. దాంతో గది గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా టేపులోకి చేరి, ఒకే మనిషి గొంతుకు లోతు వచ్చేది. ఈ రోజు మనం ప్లగిన్‌తో, అంటే కంప్యూటర్‌లో ధ్వని మార్చే సాఫ్ట్‌వేర్‌తో, తెచ్చుకోవాలని తంటాలుపడే గుణాన్ని వాళ్లు నిలబడే చోటు మార్చి తెచ్చుకున్నారు.

ఇక వరస. మైకేల్ సోలో రికార్డుల్లో ఏది గొప్పదో, ఏది కొంచెం తక్కువో విడదీయడానికి నా దగ్గర ఒకే గీటురాయి ఉంది: ఆ ఆల్బమ్‌లో ఏం వదిలెయ్యాలో చెప్పగలిగే మనిషి పక్కన ఉన్నాడా లేడా. దాన్ని మనసులో పెట్టుకుని వినండి.

చిన్నప్పటి రికార్డులు ముందు పెట్టుకోవద్దు. 1971లో 13 ఏళ్ల వయసులో, అన్నలతో కలిసి జాక్సన్ 5లో పాడుతూనే, మోటౌన్ కంపెనీకి మొదటి సోలో పాట 'గాట్ టు బీ దేర్' పాడాడు. 1972లో 'బెన్' పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. ఒక ఎలుక గురించి తీసిన సినిమాలో పాట అది. వింటే మాత్రం స్నేహం గురించి ఇంత నమ్మకంగా ఒక పిల్లవాడు ఎలా పాడగలిగాడా అనిపిస్తుంది. 1972 నుంచి 1975 దాకా మోటౌన్‌లో నాలుగు సోలో ఆల్బమ్‌లు వచ్చాయి. పాటలు కంపెనీ ఇచ్చేది, ట్రాక్‌లు కంపెనీ తయారుచేసేది, ఇతను వచ్చి పాడి వెళ్లాలి. మధ్యలో గొంతు మారే వయసు కూడా వచ్చింది. 1984లో ఇదే కంపెనీ, అప్పటి మైకేల్ గిరాకీ చూసి, 1973 నాటి పాత టేపుల మీద కొత్త వాయిద్యాలు కలిపి ఒక ఆల్బమ్ వదిలింది. అది చూసి 1984 నాటి కొత్త రికార్డు అనుకోకండి.

అన్నదమ్ములు 1975లో మోటౌన్ వదిలి ఎపిక్ అనే రికార్డు కంపెనీకి మారారు. జాక్సన్ 5 అనే పేరు మీద హక్కు మోటౌన్‌దే కావడంతో 'ద జాక్సన్స్' అని పేరు మార్చుకోవాల్సి వచ్చింది. 1978లో వాళ్ల 'డెస్టినీ' ఆల్బమ్‌తో మైకేల్‌కు సొంతంగా పాటలు రాసి రికార్డు చేసే చనువు దొరికింది. అదే ఏడాది వచ్చిన 'ద విజ్' సినిమా పనిలో సంగీత దర్శకుడు క్విన్సీ జోన్స్ పరిచయమయ్యారు. నా సోలో ఆల్బమ్ మీరే చెయ్యాలని మైకేల్ పట్టుపట్టాడు. ఆయన జాజ్ మనిషి, పాప్‌కు పనికిరాడని కంపెనీ వాళ్లు గొణిగినా వినలేదు.

మీరు మొదలుపెట్టాల్సింది ఇక్కడే: 1979 ఆగస్టులో వచ్చిన 'ఆఫ్ ద వాల్'. పది పాటలు, 41 నిమిషాలు. క్విన్సీ చేసిన ముఖ్యమైన పని, కొన్ని పాటల శ్రుతి దించడం. అప్పటిదాకా ఆ గొంతును పిల్లవాడి గొంతులాగా పైస్థాయిలోనే వాడారు. శ్రుతి దిగేసరికి కింద స్థాయిలో పెద్దవాడి గొంతు బయటికి వచ్చింది, పైకి వెళ్లడానికి చోటూ మిగిలింది. 'డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఎనఫ్' మైకేల్ సొంత రచన. ఇంట్లో చేసిన డెమోలో (నమూనా రికార్డింగ్‌లో) తమ్ముడు, చెల్లెలు గాజు సీసాలు వాయించారు. 'రాక్ విత్ యూ' రాసిన రాడ్ టెంపర్టన్ ఇంగ్లండ్ మనిషి, ఆ తర్వాత మైకేల్ కథలో పెద్ద పాత్ర ఆయనది. 'షీజ్ అవుట్ ఆఫ్ మై లైఫ్' చివర గొంతు పూడుకుపోయి ఏడుపు వినిపిస్తుంది. ఎన్ని టేక్‌లు తీసినా చివరికొచ్చేసరికి ఏడ్చేస్తున్నాడని, దాన్ని అలాగే ఉంచెయ్యమన్నానని క్విన్సీ చెప్పారు. గాయకుడిగా అతని అత్యుత్తమ రికార్డు ఇదే అని నా అభిప్రాయం. ఇందులో అతను దేన్నీ నిరూపించాలని ప్రయత్నించడు. పాడటంలో ఉన్న సంతోషమే వినిపిస్తుంది. గ్రామీ వాళ్లు దీనికి ఒకే ఒక్క అవార్డు ఇచ్చారు, అదీ ఆర్ అండ్ బీ విభాగంలో. ఆ చిన్నచూపు అతన్ని బాగా నొప్పించింది. తర్వాతి ఆల్బమ్ వెనక ఉన్న కసి అదే.

'థ్రిల్లర్' గురించి అమ్మకాల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి: బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 37 వారాలు మొదటి స్థానం, 9 పాటల్లో 7 టాప్ టెన్‌లోకి, 1984లో ఒకే రాత్రి 8 గ్రామీలు. నాకు ముఖ్యం అనిపించేది ఆ రికార్డు తయారైన తీరు. 1982 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో పని జరిగింది. 'బిల్లీ జీన్' తీసుకోండి. గొంతు మొదలవడానికి ముందు దాదాపు 29 సెకన్లు డ్రమ్స్, బేస్, కీబోర్డులే నడుస్తాయి. ఇంట్రో మరీ పొడుగైంది, తగ్గించమన్నారు క్విన్సీ. నాకు డాన్స్ చెయ్యాలనిపించేది ఆ బిట్ వింటేనే అన్నాడు మైకేల్. అప్పటికి ఉంచేశారు. మొదటి రెండు మూడు దెబ్బల్లోనే పాట ఏదో తెలిసిపోవాలని డ్రమ్స్ కోసం స్వెడీన్ ప్రత్యేకంగా వేదిక కట్టించి, బేస్ డ్రమ్‌కు మైకు దూర్చడానికి కన్నం ఉన్న తొడుగు కుట్టించాడు. పక్క డ్రమ్ శబ్దం ఒకదాంట్లోకి ఒకటి కలవకుండా మధ్యలో అడ్డు పెట్టాడు. వాయించింది లియాన్ చాన్స్లర్. బేస్ వాయించిన లూయీ జాన్సన్ తన గిటార్లు ఒక్కొక్కటీ తెచ్చి వినిపిస్తే అందులోంచి ఒకటి ఎంచుకున్నారు. వెనక చేర్చే కొన్ని మాటలు మైకేల్ ఆరడుగుల అట్ట గొట్టంలోంచి పాడాడు. ప్రధాన గొంతు ఒకే టేక్. ఆ తర్వాత గొంతు, వాద్యాల పాళ్లు కుదిర్చే మిక్సింగ్‌లో స్వెడీన్ 91 మిక్స్‌ల దాకా వెళ్లాడు. క్విన్సీ వెనక్కి వెళ్లి మొదట్లోది వినిపించమన్నారు. చివరికి రికార్డులోకి వెళ్లింది రెండో మిక్స్. మా వృత్తిలో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేను తప్పకుండా చెప్పే సంగతి ఇది.

'బీట్ ఇట్'లో గిటార్ సోలో రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్‌ది, ఒక్క పైసా తీసుకోలేదు. పైగా సోలో కింద నడిచే భాగం నచ్చక టేపు కోయించి వరస మార్పించాడు. అలా కోసేసరికి మిగతా మెషీన్లతో టేపు కలవకుండా పోయింది. అప్పుడు టోటో అనే రాక్ బృందానికి చెందిన స్టీవ్ లూకథర్, జెఫ్ పోర్కారో మైకేల్ గొంతునూ ఎడ్డీ సోలోనూ ఆధారం చేసుకుని డ్రమ్స్, గిటార్లు కింద నుంచి మళ్లీ వాయించారు. మామూలుగా ముందు ట్రాక్ పడి, దాని మీద గొంతు వస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది. అయినా ఎక్కడా అతుకు కనపడదు.

నేను పైన చెప్పిన గీటురాయి అసలు పనిచేసేది ఇక్కడే. ఆల్బమ్ దాదాపు అయిపోయింది. 'కారుసెల్' అనే పాట కూడా రికార్డయింది. ఆ రోజుల్లో అదే టోటో బృందంలోని డేవిడ్ పెయిచ్ క్విన్సీకి ఒక క్యాసెట్ పంపాడు. పెయిచ్ పాటలు అయిపోయాక కూడా క్యాసెట్ తిరుగుతూనే ఉంది. చివర్లో ఆ బృందంలోనే ఉన్న స్టీవ్ పోర్కారో తన కోసం పెట్టుకున్న పచ్చి డెమో ఒకటి మోగింది. సాహిత్యం సగమే ఉంది. క్విన్సీ చెవి దాని మీద పడింది. జాన్ బెటిస్‌తో మాటలు రాయించి దాన్నే 'హ్యూమన్ నేచర్' చేశారు, 'కారుసెల్' తీసి పక్కన పెట్టారు. 'కారుసెల్' కూడా వినదగ్గ పాటే. కానీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే ఆయన నిర్ణయం ఎంత సరైనదో తెలుస్తుంది.

ఇంకొకటి. అంతా పూర్తిచేసి మాస్టర్ వింటే ధ్వని చప్పగా, పలచగా ఉంది. మైకేల్ ఏడ్చేశాడు. కారణం సాంకేతికం. ఎల్పీ రికార్డు ఒక్కో వైపు 20 నిమిషాలు బాగా దాటితే గాడులు ఇరుక్కోవాలి. గాడి ఇరుకైతే బేస్ తగ్గించాలి, మొత్తం సౌండ్ తగ్గించాలి. వాళ్లు ఒక్కో వైపు అంతకంటే ఎక్కువ నింపేశారు. విడుదల నెత్తి మీద ఉంది, కంపెనీ తొందరపెడుతోంది, అందరికీ టెన్షన్. అయినా ఆపారు. 'ద లేడీ ఇన్ మై లైఫ్'లో ఒక చరణం తీసేశారు, 'బిల్లీ జీన్' ఇంట్రో కూడా కొంత తగ్గించారు, ఒక్కో పాటనూ విడిగా కూర్చుని మళ్లీ మిక్స్ చేశారు. ఇప్పుడు మనం వినే 42 నిమిషాల 'థ్రిల్లర్' అలా కోతల్లోంచి వచ్చింది. రాడ్ టెంపర్టన్ మొదట 'స్టార్‌లైట్' అని రాసుకున్న పాటే పేరు మార్చుకుని టైటిల్ సాంగ్ అయింది.

'బ్యాడ్' 1987 ఆగస్టు 31న వచ్చింది. 11 పాటల్లో 9 మైకేల్ రాసినవే. ఒకే ఆల్బమ్ నుంచి 5 పాటలు అమెరికాలో నంబర్ వన్ కావడం అదే మొదటిసారి. 'థ్రిల్లర్'తో పోలిస్తే ధ్వనిలో యంత్రం ఎక్కువ. సింక్లావియర్ అనే డిజిటల్ కీబోర్డు అన్నిచోట్లా ఉంటుంది. అందుకే కొంచెం గట్టిగా, గాజులాగా తగులుతుంది. 'స్మూత్ క్రిమినల్' మొదట్లో వినిపించే గుండె చప్పుడు మైకేల్‌దే, రికార్డు చేసి యంత్రంలో ఎక్కించారు. 'మ్యాన్ ఇన్ ద మిర్రర్' అతను రాసింది కాదు, సైదా గారెట్, గ్లెన్ బలార్డ్ రాశారు. కానీ అతను దాన్ని సొంతం చేసుకున్నాడు. పాట మధ్యలో 'చేంజ్' అనే మాట దగ్గరే శ్రుతి అర మెట్టు పైకి మారుతుంది. మాటలో చెప్పిన మార్పు స్వరంలోనూ జరుగుతుంది. అక్కడ ఆంద్రే క్రౌచ్ గాస్పెల్ (చర్చి పాటల) బృందం కోరస్ అందుకున్నాక మైకేల్ మాటలు వదిలేసి ఉత్త కేకలతో, ఊపిరితో పాడతాడు. ఆ చివరి రెండు నిమిషాలు ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

'బ్యాడ్' ఎల్పీలో పది పాటలే. పదకొండోది 'లీవ్ మీ అలోన్' సీడీ కొన్నవాళ్లకే దొరికింది. ఈ చిన్న సంగతిలో రాబోయే రోజులున్నాయి. సీడీలో 75 నిమిషాలకు పైగా పడుతుంది, గాడి ఇరుకవుతుందనే భయం లేదు. అదే సమయంలో క్విన్సీతో పని కూడా 'బ్యాడ్'తో ముగిసింది. వద్దని చెప్పే వస్తువూ పోయింది, వద్దని చెప్పే మనిషీ పోయాడు.

1991 నవంబర్‌లో వచ్చిన 'డేంజరస్' 14 పాటలు, 77 నిమిషాలు. చెడ్డ ఆల్బమ్ అని అస్సలు అనను. న్యూయార్క్ నుంచి నిర్మాత టెడ్డీ రైలీని పిలిపించి, ఆర్ అండ్ బీకి హిప్‌హాప్ దరువు కలిపిన, అప్పుడే పైకొస్తున్న న్యూ జాక్ స్వింగ్ తాళాన్ని తన గొంతుకు కట్టుకోవడం 33 ఏళ్ల సూపర్‌స్టార్‌కు చిన్న సాహసం కాదు. 'రిమెంబర్ ద టైమ్' అందులో ముత్యం. 'బ్లాక్ ఆర్ వైట్' తయారుచేసిన బిల్ బొట్రెల్ అందులోని ర్యాప్ కూడా తనే చెప్పాడు. నాకు అన్నిటికంటే ఇష్టం 'హూ ఈజ్ ఇట్'. ఆ బేస్ నడక, ఆ కోరస్, మోసపోయినవాడి గొంతు, అన్నీ ఒకే రంగులో కుదిరాయి. 1993లో ఓప్రా విన్‌ఫ్రీ ఇంటర్వ్యూలో అతను ఈ పాటను నోటితో తాళం వేస్తూ కాసేపు పాడాక జనం అడగడం మొదలుపెట్టారు, అమెరికాలో దాన్ని సింగిల్‌గా వదిలారు. అయితే 14 పాటల్లో నాలుగు తీసేసి ఉంటే ఇది 'బ్యాడ్' కంటే గొప్ప రికార్డు అయ్యేదని నాకు గట్టి నమ్మకం.

1995 'హిస్టరీ' రెండు డిస్కులు: ఒకదాంట్లో పాత హిట్లు 15, ఇంకోదాంట్లో 15 పాటలు. రెండో డిస్కే వినండి. దాని సందర్భం తెలియకుండా వింటే ఆ కోపం అర్థం కాదు. 1993లో అతని మీద ఒక బాలుడిపై లైంగిక వేధింపుల ఆరోపణ వచ్చింది, 1994లో ఆ సివిల్ దావా కోర్టు బయట పరిష్కారమైంది. 2005లో వేరే కేసులో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. అతను పోయాక మళ్లీ ఆరోపణలు వచ్చాయి. ఈ కారణంగా అతని పాటలు వినలేమనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మనసును నేను గౌరవిస్తాను. ఆ డిస్క్ మాత్రం ఆ తుఫాను నడుమ ఒక మనిషి పాడింది. చెల్లెలు జానెట్‌తో 'స్క్రీమ్' కేక అయితే, 'స్ట్రేంజర్ ఇన్ మాస్కో' ఒంటరితనం. 1993 టూర్‌లో మాస్కోలో ఉన్నప్పుడు పుట్టిన పాట అది. అంత పెద్ద గొంతు అక్కడ దాదాపు మాటల స్థాయికి దిగి పాడుతుంది. 'యూ ఆర్ నాట్ అలోన్' బిల్‌బోర్డ్ హాట్ 100లో అడుగుపెట్టిన వారమే నంబర్ వన్ అయిన మొట్టమొదటి పాట. 'అర్త్ సాంగ్' అమెరికాలో సింగిల్‌గా రాలేదు, బ్రిటన్‌లో మాత్రం 1995 క్రిస్మస్‌కు అదే మొదటి స్థానం. ఈ ఆల్బమ్ టూర్‌లోనే 1996 నవంబర్ 1న ముంబైలోని అంధేరీలో పాడాడు.

2001 'ఇన్విన్సిబుల్' గురించి ఎక్కువ చెప్పను. 16 పాటలు, మళ్లీ 77 నిమిషాలు. నిర్మాత రాడ్నీ జెర్కిన్స్ తాళాలు మొదటి మూడు పాటల్లో ఒకేలా చెవిని బాదుతాయి. అవి దాటి 'బటర్‌ఫ్లైస్' దగ్గరికి వెళ్లండి, 43 ఏళ్ల వయసులో ఆ మెత్తని పైస్థాయి ఇంకా చెక్కుచెదరలేదని తెలుస్తుంది. కంపెనీతో గొడవలు వచ్చాయి, టూర్ చెయ్యలేదు, ఆల్బమ్‌ను జనం త్వరగా మరిచిపోయారు.

2009 జూన్ 25న అతను పోయాక వచ్చిన రికార్డుల్లో జాగ్రత్తగా ఉండాలి. 2010 నాటి 'మైకేల్'లో మూడు పాటల్లో గొంతు అసలు అతనిదేనా అని అభిమానులు మొదటి రోజు నుంచే గొడవ చేశారు. 2022లో ఆ మూడింటినీ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. 2014 'ఎక్స్‌స్కేప్' మేలు. డీలక్స్ ఎడిషన్‌లో కొత్త హంగులు చేర్చిన పాటలతో పాటు అసలు టేపులు కూడా ఇచ్చారు. 'లవ్ నెవర్ ఫెల్ట్ సో గుడ్' అసలుది వినండి. 1983లో పాల్ యాంకాతో కలిసి రాసినది, పియానో, చిటికెలు, గొంతు, అంతే.

కాబట్టి నా మాట వింటే 'ఆఫ్ ద వాల్' రెండుసార్లు వినండి, తర్వాత 'థ్రిల్లర్', ఆపైన 'బ్యాడ్'. 'డేంజరస్' ఒక్క బిగిన వినకండి, రెండు పూటల్లో వినండి. 'హిస్టరీ' రెండో డిస్క్ ఆ తర్వాత. మోటౌన్ నాటి 'బెన్' అన్నిటికంటే చివర వింటే, ఆ పిల్లవాడు ఎక్కడి దాకా వెళ్లాడో తెలిసి వింటారు కాబట్టి ఇంకా బాగుంటుంది.

'థ్రిల్లర్' విన్న రోజే, 2001 స్పెషల్ ఎడిషన్‌లో చేర్చిన 'బిల్లీ జీన్' ఇంటి డెమో కూడా వెతికి వినండి. 1981లో ఇంట్లో చేసింది. మాటలు ఇంకా పూర్తికాలేదు, చాలా చోట్ల నోటికొచ్చిన శబ్దాలతో, హమ్మింగ్‌తో నెట్టుకొస్తాడు. బేస్ నడక, డ్రమ్స్ అడుగు మాత్రం అప్పటికే ఖాయమైపోయాయి. వెస్ట్‌లేక్‌లో అంతమంది మహామహులు కలిసి చేసిన పని అంతా ఆ నడక చెడకుండా చూసుకోవడమే.